అసలుతో సరిచూడడమైనది

మా నాయన నా బొమ్మలన్నిటి మీదా ఆకుపచ్చ సిరాతో సంతకాలు, గుండ్రటి సీళ్లు వేయించి, డిజైన్ కాలేజీలో నాకు రావలసిన సీటు పోగొట్టాడని నేను నలభై ఏళ్లుగా చెబుతున్నాను. పెళ్లిళ్లలో చెప్పాను. పేరు పెట్టే రోజుల్లో చెప్పాను. ఆయన షష్టిపూర్తిలో ఆయన పక్కనే కూర్చుని మైకులో చెప్పాను. ప్రతిసారీ జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయనా నవ్వేవాడు. నేనెక్కడైనా ఒక ముక్క మరిచిపోతే, "ఎనుము మెట్లెక్కింది గూడ చెప్పురా" అని అందించేవాడు. ఆ కథలో ఎనుము, అంటే మా గేదె, నిజం, మెట్లు నిజం, సంతకాలు నిజం. చివరి ముక్క ఒక్కటే అబద్ధం. అది నేను కల్పించింది.

పోయిన నెల మా తమ్ముడి కూతురు ప్రణతి జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరులోని మా ఇంటికి వచ్చింది. ఒక భుజానికి లాప్‌టాప్ సంచి, ఇంకో చంకలో పాత అట్టల ఫైలు. ఆ పిల్ల ఈ ఏడు డిజైన్ కాలేజీకి అప్లికేషన్ పెడుతోంది. బొమ్మలన్నీ ఫొటోలు తీసి కంప్యూటర్లో ఎక్కించాలి. వాటితోపాటు, మీ ఇంట్లో మీకంటే ముందు కళ వైపు వెళ్లినవాళ్లు ఉంటే వాళ్ల గురించి ఒక పేజీ రాయాలి. మా ఇంట్లో అట్లాంటి వాణ్ణి నేనొక్కణ్ణే. నేను వెళ్లింది కూడా ప్రొద్దుటూరు వరకే. ఇక్కడ ముప్పై ఏళ్లు పెళ్లి పత్రికలు డిజైన్ చేశాను. తర్వాత ఫ్లెక్సులు వచ్చాక, ఒకే బోర్డులో నలభై తలకాయలు ఎవరికీ కోపం రాకుండా ఎట్లా ఇరికించాలో నేర్చుకున్నాను.

"పెదనాయనా, ఇది జేజినాయన ట్రంకు పెట్టెలో దొరికింది. నీ బొమ్మలే గదా? ఆ సీళ్లేసి పాడుచేసినవి. ఫొటో తీసి నా పేజీలో పెడతా," అంటూ ఫైలును నా ముందు పెట్టి, రాసుకొచ్చిన ఇంగ్లీషు పేజీ చదివి వినిపించింది. దాని సారం ఇది. మా తాత ప్రభుత్వ గుమాస్తా. కళ అంటే ఏమిటో తెలియని మనిషి. ఆయన మూర్ఖత్వం మా పెదనాయన జీవితాన్ని ఎట్లా మింగిందో వింటూ పెరిగాను. ఆ గుండ్రటి సీలు మీద తిరుగుబాటే నా కళ.

"బాగుందా? ఇంగొంచెం ఏడుపు పెట్టాల్నా?" అంది. "సాయంత్రం అయిదులోపల ఎక్కించేయాల."

ఫైలు నాలుగు వైపులా ఎర్ర దారం, ముడి మీద రూపాయి బిళ్లంత లక్క. నేను దాని మీద చెయ్యి పెట్టాను. ఇప్పుడే విప్పొద్దు, లోపలికి పోయి మీ పెద్దమ్మతో మాట్లాడి కాఫీ తాగి రా అన్నాను. ఆ పిల్ల లోపలికి వెళ్లాక చాలాసేపు చెయ్యి తీయలేకపోయాను.

అప్పుడు మేం పులివెందులలో తాలూకా ఆఫీసు వెనక వీధిలో, బాడుగ ఇంట్లో ఉండేవాళ్లం. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నాకు ముక్కులో ఉంది. మైదా పిండి కాచి అందులో మైలతుత్తం కలిపిన జిగురు వాసన. కొవ్వొత్తి మీద కరిగే లక్క వాసన. అరిగిపోయిన ఇంకు ప్యాడు వాసన. ఇవన్నీ ఆఫీసులో ఉండవలసినవి. మా నాయనకు ఆఫీసు ఎక్కడ అయిపోతుందో, ఇల్లు ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. ఊరగాయ జాడీలకు నంబర్లుండేవి. ఏ జాడీ ఎప్పుడు కలిపారో, ఎప్పుడు విప్పారో చీటీ మీద రాసి, కింద పొడి సంతకం పెట్టేవాడు. ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా, అది ఎట్లాంటి స్థితిలో వచ్చిందో దాని వెనకవైపు కింద మూలలో రాసేవాడు. 'అందినది. కవరు తడిసినది.' 'అందినది. ఒక మూల చిరిగినది.' పెళ్లి పత్రిక వస్తే, 'అందినది. పసుపు ఎక్కువ.' అమ్మ తిరగమోత వేస్తూ అనేది: "నేను కాపరానికొచ్చిన దినం నా వీపు చూసుకోలేదు గానీ, ఆడ గూడ అందినది అని రాసే ఉంటాడు." నాయన పేపర్లోంచి తల ఎత్తకుండా, "బాగున్న స్థితిలో," అనేవాడు.

ఎన్నికలొస్తే ఓట్ల పెట్టెలకు సీలు వేసే పనికి మా నాయనను పిలిచేవాళ్లు. లక్కను చూసి అది మొదటిసారి పోసిందో, కరిగించి మళ్లీ పోసిందో చెప్పగలడని పేరు. దారం ముడి చూస్తే విప్పి కట్టారా, కట్టినట్టే ఉందా అని చెప్పేవాడు. ఈ సంగతి నేను మరిచిపోవడం వల్లనే ఇప్పుడు ఇది రాయవలసి వచ్చింది.

ఇంటర్ రెండో ఏడులో మా డ్రాయింగ్ మాస్టరు ఒక దరఖాస్తు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. ఎక్కడో ఉత్తరాదిన పెద్ద డిజైన్ కాలేజీ. దరఖాస్తు పోస్టులో పంపాలి, పిలుపు వస్తే బొమ్మలు స్వయంగా తీసుకుపోవాలి. చుట్టూ ఉన్నవాటిని గమనించి గీసిన బొమ్మలు పది, లోకంలో లేని వస్తువు ఊహించి గీసిన బొమ్మ ఒకటి. చివరి పేజీలో, జతచేసే నకళ్లన్నీ గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపబడాలి అని ఉంది. అది మార్కుల లిస్టు గురించి అని నాకు తెలుసు. నాయనకు ఒకసారి చెప్పాను కూడా.

"అన్నీ అంటే అన్నీ," అన్నాడు నాయన. "ఆడ నిన్నెవరు ఎరుగుదురురా? ఈ బొమ్మలు నువ్వే గీసినావో, ఇంగెవురితోనో గీయించినావో వాళ్లకేం తెల్సు? సీలుంటే ఒక ధైర్నం."

ఎవరికి ధైర్యం అని నేను అడగలేదు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో పిల్లలందరి కాగితాలూ తీసుకుపోయి ఆఫీసర్ల బల్లల ముందు నిలబడిన మనిషి ఆయన. ఎవరి పిల్లవాడికి ఏ సీటొచ్చినా మొదట మా ఇంటికొచ్చి బెల్లం ముక్క పెట్టేవాళ్లు. కన్నకొడుకు కోసం ఆయన చేయగలిగినది ఇదొక్కటే. అది ఆయనకు బాగా వచ్చు కూడా.

ఆ ఏడు పులివెందులలో మాకు తెలిసిన గెజిటెడ్ అధికారి పశువుల డాక్టరుగారు. గోదావరి వైపు మనిషి. సన్నగా, తెల్లటి చొక్కాతో, మాటకు ముందొక 'అండీ', వెనకొక 'అండీ'. మేం మొదట ఇచ్చిన బొమ్మ మా ఎనుముది. దాని పేరు గౌరి. దాన్ని నేను గదిలో మంచం మీద పడుకుని, గౌరి వైపు ఒక్కసారైనా చూడకుండా, గుర్తున్నట్టు గీశాను. డాక్టరుగారు బొమ్మను దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

"ఇది దేనికి నకలండీ?"

"మా ఎనుముకు సార్," అన్నాడు నాయన.

"నిజప్రతి అని సంతకం పెట్టాలంటే అసలుతో సరిచూడాలి కదండీ. అసలేదీ?"

ఇంకొకరైతే నవ్వి వదిలేసేవారు, లేకపోతే కోప్పడేవారు. మా నాయన మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లలో అసలు చూపించమని అడిగిన ఆఫీసరు ఆయనకు మొదటిసారి దొరికాడు. "తప్పు నాదే సార్. తోలకొస్తా," అన్నాడు.

మరుసటి రోజు పొద్దున నాయన చంకలో ఫైలుతో ముందు, నేను పలుపు పట్టుకుని వెనక, మా వెనక గౌరి, బజారు మధ్యలోంచి బయలుదేరాం. టీ అంగడి దగ్గర ఒకాయన లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా గుమాస్తా, ఎనుముకు జబ్బు జేసిందా?"

"జబ్బేం ల్యా. సరిచూడాల."

"ఏంది సరిచూసేది?"

"బొమ్మతో."

"ఎవురి బొమ్మతో?"

"దాని బొమ్మతోనే మామా. ఇంగెవురి బొమ్మతో సరిచూస్తారు ఎనుమును?"

ఆయన గ్లాసు పక్కన పెట్టి మాతోపాటు బయలుదేరాడు. ఆస్పత్రి చేరేసరికి పదిమందయ్యారు. కాంపౌండరు రిజిస్టరు తెరిచాడు. పశువు లోపలికి రావాలంటే రిజిస్టరులో ఎక్కాలి, ఎక్కాలంటే జబ్బు గడి నింపాలి. జబ్బు లేదంటే చీటీ రాయడు. చీటీ లేకపోతే డాక్టరుగారు చూడరు. కాసేపు వాదించుకుని చివరికి ఆ గడిలో 'పోలిక' అని రాసుకున్నాడు. డాక్టరుగారు మా కోసం బయటికి రాలేదు, ఆకుపచ్చ సిరా బల్ల మీద ఉంది కాబట్టి. అందుకని గౌరి మూడు మెట్లెక్కి ఆఫీసు గదిలోకి వెళ్లింది. బల్లకు ఈవైపు గౌరి, ఆవైపు డాక్టరుగారు, గోడమీద పశువుల పళ్ల పటం.

ఆయన బొమ్మ చూసి గౌరిని, గౌరిని చూసి బొమ్మను పావుగంట సరిచూశారు. "చెవులు కొమ్ములకు పైన గీశారండీ. దీనికి కిందున్నాయి. ఇక వెనక కాలు చూడండి, ముందుకు వంగింది. ఇట్లాంటి గేదె నా దగ్గరికి వస్తే కట్టు కడతాను గానీ, సంతకం పెట్టనండీ."

కిటికీ దగ్గర జనం గొల్లుమన్నారు. నాకు చెవులు కాలిపోయాయి. నాయన మాత్రం చెయ్యి చాచి ఆ బొమ్మ తీసుకుని, జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి దాని మీద అడ్డంగా 'రద్దు' అని రాసి, ఫైల్లో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. "ఇంగోటి గీస్తాడు సార్. ఈసారి దాని ముందరే కూచోబెడతా."

కూర్చోబెట్టాడు. వారం రోజులు కొట్టంలో, పేడ మధ్య, ఈగలు తోలుకుంటూ గౌరిని చూశాను. ఇన్నేళ్లుగా దాని పాలు తాగుతూ కూడా, అది లేచేటప్పుడు వెనక కాళ్లు ముందు లేపుతుందని నాకు తెలియదు. దాని ముట్టె మీద తడి ఎట్లా మెరుస్తుందో తెలియదు. మొదటిదానితో కలిపి నాలుగు బొమ్మలు రద్దయ్యాయి. అయిదోది పట్టుకుని మళ్లీ గౌరితో మెట్లెక్కాం. డాక్టరుగారు చూసి సిరాబుడ్డి మూత తీశారు. బొమ్మ కింద ఖాళీ చోట 'అసలుతో సరిచూడడమైనది' అని రాసి సంతకం పెట్టి, గుండ్రటి సీలు గుద్దారు. సీలు అంచు గౌరి తోక మీద పడింది.

తర్వాతి బొమ్మ మా జేజిది, అంటే నాయనకు తల్లిది. ఆమె వేములలో మా చిన్నాయన దగ్గర ఉండేది. నాయన పోయి బస్సులో పిలుచుకొచ్చి పశువుల ఆస్పత్రి బెంచీ మీద, రెండు మేకల పక్కన కూర్చోబెట్టాడు. ఎక్కడికి తెచ్చాడో తెలిశాక జేజి మాట కొడుకుతో కాదు, మేకలు తెచ్చిన ఆమెతో మొదలుపెట్టింది.

"జూడమ్మా, తొమ్మిది నెల్లు మోసి కంటే, నన్ను పసువుల డాక్టరుకు చూపిచ్చా అంటాండాడు నా కొడుకు. నేనేం గడ్డి మానేసినానా?"

లోపలికి వెళ్లాక డాక్టరుగారు లేచి నిలబడి దండం పెట్టి, "అమ్మగారూ, కొంచెం వెలుతురువైపు తిరగండి," అన్నారు. జేజి తిరగలేదు. ముందు బొమ్మ చూడాలంది. చూసి నా వైపు ఉరిమింది.

"ఈ ముడతలన్నీ యాడివిరా? సగం తీసెయ్."

"ముడతలు తగ్గిస్తే నకలు చెల్లదండీ," అన్నారు డాక్టరుగారు.

"నువ్వు చదువుకున్నోడివి, నీకు తెలీదు నాయనా. మనిషి బొమ్మ గీసేది బతికినట్ల కాదు. గోడకు తగిలించేటట్ల."

ఆయన ఆలోచించి, అది వేరే శాఖ కిందికి వస్తుందండీ అన్నారు. ఆ బొమ్మకు రెండో దఫాలో సంతకం వచ్చింది. గండి కొండ బొమ్మకు అంత కష్టపడలేదు. డాక్టరుగారు శనివారం ఆంజనేయస్వామి దర్శనానికి వెళుతుంటే మేమూ వెళ్లి, ఏటి ఇసకలో నిలబడి బొమ్మను కొండకు ఎదురుగా పట్టుకున్నాం. కొండ సరిపోయింది. నేను మాత్రం బొమ్మలో పాపఘ్ని ఏటిని నిండుగా పారించాను. అక్కడ చెలమలో ఉన్నన్ని నీళ్లే ఉన్నాయి. "వానొస్తే వస్తాయి సార్," అన్నాడు నాయన. డాక్టరుగారు ఏటివైపు చూసి, మోకాలి మీద కాగితం పెట్టుకుని, 'నీళ్లు మినహా సరిచూడడమైనది' అని రాశారు.

జమ్మలమడుగులో మా పిన్నమ్మ ఇంటి పక్కన ఉన్న మగ్గాన్ని గీస్తే అది తన పరిధి కాదన్నారు డాక్టరుగారు. ఆ ఊళ్లో ఇంకో ఆఫీసరు దగ్గరికి వెళ్లాం. ఆయన బొమ్మ వైపు చూడకుండానే పెన్ను తీశాడు. "పులివెందులాయన అన్నిట్లో పెట్టినాడు గదా, నేనూ పెడతా, దా," అన్నాడు. నాయన కాగితం వెనక్కి లాక్కున్నాడు. బతుకంతా సంతకాల కోసం నిలబడిన మనిషి, సంతకం పెడతానంటే వద్దన్నాడు. "చూసి పెట్టండి సార్. ఈడికి నాలుగు వీధులే." రెండు రోజులు ఆ ఆఫీసు వరండాలో కూర్చున్నాడు. మూడోరోజు ఆ ఆఫీసరు విసుక్కుంటూ వచ్చి, మగ్గం గుంతలోకి తొంగిచూసి, చూస్తూ చూస్తూ అక్కడే కూర్చుండిపోయి, నేతగానితో గంటసేపు మాట్లాడి, సంతకం పెట్టాడు.

మిగతావీ ఇట్లాగే అయ్యాక మిగిలింది ఊహ బొమ్మ. శనగ చేలో కాపలా పడుకునేవాళ్ల కోసం, ఎండ ఎటు తిరిగితే గొడుగు అటు తిరిగే మంచం ఒకటి గీశాను. డాక్టరుగారు తల పట్టుకున్నారు. దీనికి అసలు లేదు కాబట్టి ఆయన సరిచూడలేరు. నాయనకు ఒక రాత్రి నిద్ర లేదు. తెల్లారి నన్ను ప్రొద్దుటూరుకు, రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరి దగ్గరికి తీసుకుపోయాడు. ఊహ నాదేనని స్టాంపు కాగితం మీద రాయించాలి. ఆ ముసలాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"పిత్రార్జితమా, స్వార్జితమా?"

"స్వార్జితమే," అన్నాడు నాయన. "మా వంశంలో ఎవురికీ ల్యా."

"చెక్కుబంది చెప్పు. హద్దుల్లేకుండా దస్తావేజు రాయను. నా చేత్తో రాసింది ఏ కోర్టులోనూ కొట్టుబడల్యా."

ఊహకు నాలుగు హద్దులు. నాయన నన్ను ఉత్తరం వైపు మొహం పెట్టి కూర్చోబెట్టి, నా తల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ఆ కాగితం నాకిప్పటికీ కంఠోపాఠం. 'తూర్పున కుడి చెవి, పడమర ఎడమ చెవి, ఉత్తరం నొసలు, దక్షిణం పెడతల. ఈ మధ్యనున్న ఊహ నా స్వార్జితము. దీనిపై నా అన్నదమ్ములకు గాని దాయాదులకు గాని ఏ విధమైన హక్కు లేదు.' నా తమ్ముణ్ణి కూడా పిలిపించి సాక్షి సంతకం పెట్టించారు. వాడికప్పుడు పదకొండేళ్లు. వేలిముద్ర అయినా చాలన్నారు.

పిలుపు వచ్చింది. బయలుదేరే రోజు నాయన పదకొండు బొమ్మలూ, వాటి వెనక వరసగా రద్దయినవన్నీ, అడుగున దస్తావేజు పెట్టి, ఫైలు మూసి, ఎర్రదారం నాలుగు వైపులా చుట్టి, లక్క కరిగించి ముడి మీద పోసి, తన ఇత్తడి ముద్ర అదిమాడు. "వాళ్ల ముందరే పగలగొట్టు. దోవలో విప్పొద్దు," అన్నాడు.

నా సంచిలో ఇంకో ఫైలు ఉందని ఆయనకు తెలియదు. ప్రొద్దుటూరులో మస్తాన్ అని బోర్డులు రాసే స్నేహితుడుండేవాడు. వాడి అంగట్లో విదేశీ క్యాలెండర్లు చాలా ఉండేవి. పది రోజులు అక్కడ కూర్చుని, ఆ క్యాలెండర్లు చూసి, మంచి దళసరి కాగితం మీద మంచు కొండలు, హంసలు, పొగగొట్టాలున్న చెక్క ఇళ్లు గీశాను. ప్రొద్దుటూరు ఎండలో చెమట కాగితం మీద పడకుండా మంచు గీశాను. వాటిమీద ఒక్క సీలూ లేదు. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. పశువుల డాక్టరు సంతకాలున్న ఎనుము బొమ్మను ఆ పెద్దవాళ్ల ముందు ఎట్లా పెట్టాలి? నవ్వరా?

కాలేజీలో నన్ను పిలిచిన గదిలో ఒక ఆడమనిషి, ఒక పెద్దాయన ఉన్నారు. నా మంచు కొండలను నిదానంగా తిప్పారు. పెద్దాయన ఇంగ్లీషులో అడిగాడు, నువ్వెప్పుడైనా మంచు చూశావా అని. లేదన్నాను. హంసను? లేదన్నాను. ఆమె నవ్వుతూ, కోపం లేకుండానే అడిగింది. మరి నువ్వు చూసిందేదైనా తెచ్చావా?

నాయన కట్టిన ఫైలు కుర్చీ కింద, నా కాళ్ల దగ్గర ఉంది. దాన్ని కాలితో ఇంకొంచెం లోపలికి తోశాను. "లేదు మేడమ్," అన్నాను.

మంచు కొండల ఫైలు రైల్లోనే వదిలేసి ఇంటికి వచ్చేసరికి ఏం చెప్పాలో తయారుగా ఉంది. "ఆ సీళ్లు జూసి నవ్వినారు నాయనా. బొమ్మల కాలేజీకి ఆఫీసు కాగితాలు తెచ్చినావేంది అన్నారు."

నాయన ఒక్కటే అడిగాడు. "విప్పి చూసినారా?"

"చూసినారు."

"సరే. కాళ్లు కడుక్కోపో. అన్నం తిందువు."

నేను పెరట్లోకి వెళ్లి కాళ్లు కడుక్కుంటుంటే ఆయన నా సంచి విప్పి ఆ ఫైలు లోపల పెట్టాడు. తొట్టి దగ్గర నాకు దారం, లక్క గుర్తొచ్చాయి. కానీ ఆ పూట ఆయనేమీ అనలేదు, మరుసటి రోజూ అనలేదు. చూసుకోలేదులే అనుకున్నాను. ఓట్ల పెట్టెల సీళ్లు చూసే మనిషి తన చేత్తో వేసిన సీలు చూసుకోలేదని నలభై ఏళ్లు నమ్మాను. అట్లా నమ్మడం నాకు సుఖంగా ఉండింది.

కథ ఊళ్లో పాకింది. నేనే పాకించాను. సొంత కొడుకు సీటే పోగొట్టుకున్న మనిషి అని, పిల్లల కాగితాలు పట్టుకుని మా గుమ్మానికి వచ్చేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. తొండూరు నుంచి వచ్చిన ఒక రైతు వాకిట్లో నిలబడి, "వద్దులేప్పా, నీ చెయ్యి మావాడికి కలిసొస్తుందో రాదో," అని మొహం మీదే చెప్పి వెళ్లిపోయాడు. బెల్లం ముక్కలు ఆగిపోయాయి. నాయన సాయంత్రాలు ఊరికే వరండాలో కూర్చుని, ఇంకు ప్యాడు ఆరిపోకుండా నాలుగు చుక్కలు పోసి మూత పెట్టేవాడు. నాకు అది కనబడేది. కథ చెప్పడం మాత్రం మానలేదు.

ప్రణతి కాఫీ తాగి, కత్తెర తీసుకుని వచ్చింది. ఫైలును వెలుతురులోకి జరుపుకుని ఆగిపోయింది.

"సీలు పగలనే ల్యా పెదనాయనా. మరి వాళ్లెట్ల జూసి నవ్వినారు?"

నేను చెప్పాను. మంచు కొండలు, హంసలు, కాలితో తోయడం, పెరట్లో కాళ్లు కడుక్కోవడం, అన్నీ. ఆ పిల్ల కత్తెర ఒళ్లో పెట్టుకుని వింది. అంతా విని, "జేజినాయనకు తెల్సా?" అంది.

"తెలీదు. ఆయన చూడలేదు."

ప్రణతి ఫైలును తిరగేసింది. వెనకవైపు, కింద మూలలో, వాలు రాతతో, ఊరగాయ జాడీల మీద రాసే చేతితోనే రాసి ఉంది. 'వాపసు అందినది. సీలు పదిలం.' కింద పొడి సంతకం, తేదీ. నేను తిరిగొచ్చిన రోజు తేదీ.

అంటే నేను కాళ్లు తుడుచుకుని అన్నానికి కూర్చునేసరికే ఆయనకు తెలుసు. షష్టిపూర్తిలో మైకు నా చేతిలో ఉన్నప్పుడు తెలుసు. తొండూరు రైతు వాకిట్లోంచి తిరిగిపోయినప్పుడు తెలుసు. ఎనుము మెట్లెక్కింది గూడ చెప్పురా అని అందించిన ప్రతిసారీ తెలుసు. కొడుకు పరువు కోసం చెప్పలేదో, వీడే ఒకనాటికి చెబుతాడులే అని కాచుకున్నాడో నేను చెప్పలేను. అడగడానికి ఆయన లేడు.

ప్రణతి లక్క పగలగొట్టింది. రంగులు వెలిసిపోయాయి. ఆకుపచ్చ సిరా మాత్రం నిన్న రాసినట్టుంది. గౌరి చెవులు కొమ్ముల కిందే ఉన్నాయి. దాని వెనక వరసగా నాలుగు రద్దులు, ఒక్కొక్కదాంట్లో ఒక్కొక్క కాలు సరవుతూ. జేజి ముడతలు ఒక్కటీ తగ్గలేదు. ఆ పిల్ల ఒక్కొక్కటీ పట్టుకుని చూస్తూ, "నిజ్జంగా బాగుండాయి పెదనాయనా. నీ పెళ్లి పత్రికల కంటే శానా బాగుండాయి," అంది. అప్పటికి నాలుగయింది. రాసుకొచ్చిన పేజీని చెరిపేసి, "చెప్పు, ఇంగేం రాయాల?" అంది. నేను చెప్పాను, ఆ పిల్ల రాసింది. చూడకుండా పెట్టే సంతకం వద్దన్న ఒక గుమాస్తా గురించి రాసింది. చివర, ఇందులో ఉన్నదంతా నిజం అని ఒక గడి ఉంది. ఎవరి సంతకం కావాలి అని అడిగాను.

"ఎవురిదీ అక్కర్ల్యా. మనమే టిక్ పెడితే చాలు."

అప్పుడు ఒక ఎనుము బొమ్మకు ఎనుమును మెట్లెక్కించవలసి వచ్చింది. ఇప్పుడు వేలితో నొక్కితే నిజమైపోతుంది. ఏది మేలో నాకు తెలియదు. నాలాంటివాడికి మాత్రం అప్పటిదే మంచిది. అసలు చూపించమని అడిగేవాడు లేకపోతే నేను మంచు కొండలే గీస్తాను.

ఆ పిల్ల గడిలో టిక్ పెడుతుంటే, నేను జేబులోని నీలం పెన్ను తీసి, ఫైలు వెనక నాయన రాసిన దాని కింద రాశాను. 'విప్పడమైనది. లోపలివి సరిగా ఉన్నవి. తప్పు తీసుకుపోయినవానిది.' సంతకం పెట్టి తేదీ వేశాను. ప్రణతి భుజం మీదుగా తొంగిచూసింది.

"నువ్వు గెజిటెడ్ కాదు గదా పెదనాయనా. చెల్లదు. అసలు చూసినోళ్లెవురన్నా ఉంటే పిల్చకరా."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. అసలు చూసిన మనిషి ఒక్కడే. చూసినట్టు ఆయన పైన రాసే ఉన్నాడు.